ముందు పది నిమిషాలు నిలబడండి

లైవ్ కోడింగ్ నేర్చుకుందామని కూర్చున్నవాళ్ళలో చాలామందికి మొదటి వారాలు ఇన్‌స్టలేషన్లకే సరిపోతాయి. టైడల్‌సైకిల్స్ అనే సాఫ్ట్‌వేర్ కావాలంటే హాస్కెల్ భాషను కంప్యూటర్లో ఎక్కించుకోవాలి. అందులో రాసింది చెవికి వినపడాలంటే సూపర్‌కొలైడర్ కావాలి. ఆ రెండింటినీ కలపడానికి సూపర్‌డర్ట్ కావాలి. రాసుకోవడానికి ఒక ఎడిటర్, దానికో ప్లగిన్. ఇవన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే వేళకి మనిషి అలిసిపోతాడు. అలిసిపోనివాళ్ళు ట్యుటోరియళ్ళలో పడతారు. సాయంత్రానికొక కొత్త సాఫ్ట్‌వేర్, వారానికొక కొత్త ఉపాయం. కొన్ని నెలల తర్వాత ఎవరైనా "ఏదీ, ఒక పది నిమిషాలు వినిపించు" అంటే చేతిలో ఏమీ ఉండదు.

అందుకని వరస తిరగేద్దాం. ముందు పది నిమిషాల ప్రదర్శన. దానికి ఎంత కావాలో అంతే సాఫ్ట్‌వేర్. మిగతా చదువంతా ఆ తర్వాత.

లైవ్ కోడింగ్ ఎప్పుడూ చూడనివాళ్ళ కోసం రెండు మాటలు. వేదిక మీద ఒక మనిషి, ఒక ల్యాప్‌టాప్. ఆ మనిషి ప్రోగ్రాము రాస్తుంటే రాసింది రాసినట్టే శబ్దంగా, బొమ్మగా మారుతుంటుంది. రాస్తున్న అక్షరాలు కూడా వెనక తెర మీద అందరికీ కనపడుతుంటాయి. 2004లో జర్మనీలోని హాంబర్గ్‌లో పుట్టిన టాప్‌లాప్ అనే బృందం తన ప్రకటనలో ఈ షరతును గట్టిగా పెట్టింది: మీ తెర మాకు చూపించండి, దాచకండి. నాకు ఈ కళలో అన్నిటికన్నా గౌరవం కలిగించేది ఈ షరతే. చూస్తున్నవాడికి ప్రోగ్రామింగ్ రాకపోవచ్చు. అయినా ఒక అంకె మారింది, ఆ వెంటనే తాళం మారింది అన్న సంగతి కంటికి కనిపిస్తుంది. ప్రేక్షకుల్లో కూర్చున్న కుర్రాడికి అక్కడే మొదటి పాఠం అందుతుంది. సాఫ్ట్‌వేర్ కూడా అలాగే తెరిచి ఉన్నదయితే, ఇంటికెళ్ళి అదే పని తానూ చేసి చూడవచ్చు. కొనవలసింది ఏమీ లేదు, అడగవలసిన అనుమతి లేదు.

రెండే పనిముట్లు

శబ్దానికి స్ట్రూడెల్, బొమ్మకు హైడ్రా. ఈ రెండూ బ్రౌజర్లోనే నడుస్తాయి. స్ట్రూడెల్‌ను 2022లో అలెక్స్ మెక్‌లీన్, ఫీలిక్స్ రూస్ మొదలుపెట్టారు. అంతకు ముందు మెక్‌లీన్ తయారుచేసిన టైడల్‌సైకిల్స్‌లోని ఆలోచననే ఇది జావాస్క్రిప్ట్‌లోకి తెచ్చింది. హైడ్రాను ఒలీవియా జాక్ తయారుచేసింది. రెండింటికీ ఏజీపీఎల్ లైసెన్సు ఉంది. అంటే లోపలి కోడ్ ఎవరైనా చదవవచ్చు, మార్చుకోవచ్చు, కాకపోతే మార్చినదాన్ని నెట్‌లో నలుగురి ముందు పెట్టినప్పుడు ఆ మార్పులను కూడా తెరిచే పెట్టాలి. హైడ్రాను స్ట్రూడెల్ పేజీలోపలే ఒక్క ఆదేశంతో పిలవవచ్చు కాబట్టి మీకు రెండు కిటికీలు కూడా అక్కర్లేదు.

వేరే దారులు లేవని కాదు. బడిపిల్లలకు నేర్పాలనుకుంటే సోనిక్ పై మంచిది. 2012లో కేంబ్రిడ్జ్‌లో శామ్ ఆరన్ దాన్ని రాస్‌ప్‌బెర్రీ పై మీద పాఠశాలల కోసమే రాశాడు. అక్షరాలకన్నా డబ్బాలు, తీగలు కలుపుకుంటూ పోవడం ఇష్టమయితే ప్యూర్ డేటా ఉంది. మిల్లర్ పకెట్ 1990లలో రాసిన ఆ సాఫ్ట్‌వేర్ ఇప్పటికీ నిలబడి ఉంది. కానీ మొదటి పది నిమిషాలు అయ్యేదాకా వాటి జోలికి వెళ్ళకండి. ఎంపిక గురించి ఆలోచించడం కూడా పనిని వాయిదా వేయడానికి ఒక దారే.

స్ట్రూడెల్‌లో అన్నిటికన్నా ముందు నేర్చుకోవలసింది ఆపడం. కంట్రోల్, ఎంటర్ కలిపి నొక్కితే మోగుతుంది. కంట్రోల్, చుక్క కలిపి నొక్కితే ఆగుతుంది. ఆపే మీటలు కళ్ళు మూసుకుని నొక్కగలిగేదాకా ఇంకేమీ రాయకండి. శబ్దాన్ని ఏ క్షణంలోనైనా ఆపగలనన్న ధీమా ఉంటేనే చేతులు స్వేచ్ఛగా కదులుతాయి.

ఆవర్తనం మీకు ముందే తెలుసు

స్ట్రూడెల్‌లో కాలాన్ని కొలిచేది దెబ్బలతో కాదు, చక్రాలతో. మీరేమీ మార్చకపోతే ఒక చక్రం రెండు సెకన్లు. ఆ చక్రంలో నాలుగు శబ్దాల పేర్లు రాస్తే ఒక్కోదానికి అర సెకను దక్కుతుంది. అయిదో పేరు చేర్చండి. చక్రం పొడవు పెరగదు. అయిదూ అదే రెండు సెకన్లలో సర్దుకుంటాయి, ఒక్కోదానికి 0.4 సెకను. పాశ్చాత్య పద్ధతిలో సంగీత సాఫ్ట్‌వేర్ వాడినవాళ్ళకు ఇది మొదట్లో కొరుకుడు పడదు. చిన్నప్పుడు సంగీతం టీచరు దగ్గర తొడ మీద తాళం వేసినవాళ్ళకు మాత్రం ఇది పాత పరిచయం. ఒక అక్షరకాలంలో నాలుగు మాత్రలు పలికే చతురశ్ర గతి నుంచి అయిదు పలికే ఖండ గతికి వెళ్ళినప్పుడు తాళం వేసే చెయ్యి మారదు, లోపలి నడక మారుతుంది. చక్రం అంటే ఆవర్తనమే అనుకుని మొదలుపెట్టండి. సగం పాఠం అయిపోయినట్టే.

ఈ పోలిక నేను అతికించింది కాదు. 1980ల మొదట్లో బెర్నార్డ్ బెల్, జేమ్స్ కిప్పెన్ అనే ఇద్దరు లక్నో తబలా సంప్రదాయాన్ని అర్థం చేసుకోవడానికి బోల్ ప్రాసెసర్ అనే సాఫ్ట్‌వేర్‌ను తయారుచేశారు. తబలా బోల్‌ల నుంచి, అంటే దెబ్బలను పలికే మాటల నుంచి, వైవిధ్యాలు ఎలా పుట్టుకొస్తాయో వ్యాకరణ సూత్రాలుగా రాసి, వాటిని ఉస్తాద్ ముందు పెట్టి సరిచూసుకునేవారు. దశాబ్దాల తర్వాత మెక్‌లీన్ తన టైడల్‌సైకిల్స్‌లోని పొట్టి లిపికి బోల్ ప్రాసెసర్ లిపి నుంచి ప్రేరణ తీసుకున్నాడు. అంటే ఈ రోజు మీరు బ్రౌజర్లో రాసే వరస వెనక ఒక తబలా గది ఉంది. తెలుగు కుర్రవాళ్ళు ఇది తమది కాని విద్య అనుకుని బిడియపడుతుంటే నాకు బాధేస్తుంది. మృదంగం నేర్చుకుని వదిలేసినవాళ్ళు, డప్పు దరువు పుట్టిన దగ్గర్నుంచీ విన్నవాళ్ళు ఈ విద్యలోకి ఉత్త చేతులతో రావడం లేదు.

ఒక అభ్యాసం చెబుతాను. స్ట్రూడెల్‌లో ఒక శబ్దం పేరు పక్కన బ్రాకెట్లో 3, 8 అని రాస్తే ఎనిమిది గడుల్లో మూడు దెబ్బలను వీలైనంత సమదూరంగా పరుస్తుంది. వినండి: మూడు, మూడు, రెండు. తకిట తకిట తక. గరిష్ఠ సామాన్య భాజకం కనుక్కోవడానికి మనం బడిలో నేర్చుకున్న యూక్లిడ్ పద్ధతి నుంచే ఈ అమరిక వస్తుంది. న్యూట్రాన్లను పుట్టించే యంత్రాల్లో టైమింగ్ కోసం బ్యోర్క్‌లండ్ అనే శాస్త్రవేత్త వాడిన పద్ధతి ఇదేనని, ప్రపంచంలోని ఎన్నో సంప్రదాయ తాళాలు దీనిలో ఇముడుతాయని 2005లో గోడ్‌ఫ్రీడ్ తూసాన్ చూపించాడు. ఇప్పుడు 3ను 5 చేయండి. మళ్ళీ 3కు రండి. 8ని 7 చేయండి. ఇలా రెండంకెలతోనే ఒక సాయంత్రం గడపండి.

తర్వాత మీసాల బ్రాకెట్లలో కామా పెట్టి రెండు వరసలు రాయండి: ఒకదానిలో అయిదు శబ్దాలు, రెండోదానిలో ఏడు. మొదటిది చక్రానికి సరిపోతుంది, రెండోది ప్రతిసారీ ఇంకోచోట తెగుతుంది. రెండూ 35 అడుగుల తర్వాత, ఎనిమిదో ఆవర్తనం మొదలయ్యే చోట కలిసి సమం మీద పడతాయి. ఆ కలయికను ముందే ఊహించి, సరిగ్గా అక్కడ ఇంకో శబ్దాన్ని దింపడం సాధన చేయండి. కచేరీలో తీర్మానం సమానికి చేరినప్పుడు శ్రోత తల ఎందుకు ఊపుతాడో ఈ సాధనలో అర్థమవుతుంది.

మూడు వందల ఆవర్తనాల లెక్క

పది నిమిషాలంటే 600 సెకన్లు, రెండు సెకన్ల చక్రంతో 300 ఆవర్తనాలు. ఎనిమిదేసి ఆవర్తనాలకు ఒక మార్పు చొప్పున చేస్తే మొత్తం నలభై మార్పులు కూడా ఉండవు. ఈ లెక్క కాగితం మీద రాసి ఎదురుగా అంటించుకోండి. కొత్తవాళ్ళు అన్నిటికన్నా ఎక్కువగా చెడేది తొందర దగ్గరే. జనం విసుగుపడతారేమోనన్న భయంతో రెండు సెకన్లకొకటి మారుస్తారు. వినేవాడు ఒక దరువును పట్టుకుని తల ఊపడం మొదలుపెట్టేలోపే అది పోతుంది. ఒక్క మార్పు చేయండి. చేతులు ఒళ్ళో పెట్టుకోండి. నాలుగు ఆవర్తనాలు ఏమీ ముట్టుకోకుండా వినండి. తర్వాతి నాలుగు ఆవర్తనాల్లో రాబోయే మార్పును టైప్ చేయండి, ఎనిమిది పూర్తయ్యాకే ఎంటర్ కొట్టండి. వేళ్ళ వేగం ఎప్పుడయినా వస్తుంది. ఒళ్ళో చేతులు పెట్టుకుని వినగలగడం అంత సులువుగా రాదు, అందుకే దాన్ని మొదటి రోజు నుంచీ సాధన చేయమంటున్నాను.

మెక్సికో సిటీ లైవ్ కోడర్లు ఒక కచేరీ పద్ధతిని పాటించారు. ఖాళీ తెరతో మొదలుపెట్టాలి, తొమ్మిది నిమిషాల్లో ముగించాలి, ముందే రాసుకున్నదేదీ తెచ్చుకోకూడదు. మీ రోజువారీ సాధనకు ఈ నియమం పెట్టుకోండి. పాత కోడ్ అతికించకుండా, ఖాళీ పేజీ నుంచి. మొదట్లో రెండు నిమిషాలకే మాటలు అయిపోతాయి. కొత్త ఆదేశాలు నేర్చుకోవడానికి వెంటనే పరిగెత్తకండి. తెలిసిన అయిదారు ఆదేశాలతోనే మూడో నిమిషం ఎలా గడపాలో వెతకండి. ఒక వరసను తీసేయడం కూడా మార్పే. నెమ్మది చేయడం, తలకిందులు చేయడం, ఒక్క శబ్దాన్ని మాత్రమే మిగల్చడం కూడా మార్పులే. నిండుగా మోగుతున్నప్పుడు అడుగు దరువు ఒక్కటీ తీసేసి, ఎనిమిది ఆవర్తనాలు ఆగి మళ్ళీ పెట్టి చూడండి. హాల్లో వాళ్ళంతా ఒక్కసారి కదులుతారు.

తప్పుల భయం గురించి ఇక్కడే చెప్పాలి. కోడ్‌లో ఒక బ్రాకెట్ మర్చిపోయి ఎంటర్ కొడితే స్ట్రూడెల్ కింద ఎర్రక్షరాలు చూపిస్తుంది, కానీ అంతకుముందు మోగుతున్నది మోగుతూనే ఉంటుంది. టైడల్‌సైకిల్స్‌లో కూడా అంతే. తాళం తెగదు. మీరు నెమ్మదిగా బ్రాకెట్ వెతుక్కోవచ్చు. తెర కనిపిస్తోంది కనుక ఆ వెతుకులాట ప్రేక్షకుడికి కూడా ఆసక్తిగానే ఉంటుంది, దొరికినప్పుడు ఆనందిస్తాడు కూడా. నిజంగా జాగ్రత్త పడవలసిన తప్పు ఒక్కటే. శబ్ద తీవ్రత దగ్గర 0.8 రాయబోయి చుక్క మర్చిపోతే 8 అవుతుంది, అది చెవులకు ప్రమాదం. సాధనలో హెడ్‌ఫోన్ వాల్యూమ్ తక్కువలో పెట్టుకోండి. హాల్లో మిక్సర్ దగ్గర కూర్చున్నాయనకు ముందే చెప్పి, శబ్దం హద్దు దాటకుండా ఆపే లిమిటర్ పెట్టించండి.

బొమ్మకు ఒక్క దారం

హైడ్రా వాక్యం ఒక గొలుసులా ఉంటుంది: ఒక మూలం, దాని మీద మార్పులు, చివర తెర మీదికి పంపడం. చారలు పుట్టించే ఆసిలేటర్ ఒక మూలం. దాన్ని తిప్పండి, కలైడోస్కోప్‌లో మడవండి, రంగు మార్చండి, బయటికి పంపండి. ఈ ఆలోచన హైడ్రాకన్నా చాలా పాతది, అనలాగ్ వీడియో సింథసైజర్ల నాటిది. 1970ల మొదట్లో షికాగోలో డాన్ శాండిన్ ఇమేజ్ ప్రాసెసర్ అనే యంత్రాన్ని కట్టాడు. దాని నమూనాలను దాచుకోకుండా, కావలసినవాళ్ళు ఎవరికి వారు కట్టుకునేలా ఫిల్ మోర్టన్‌తో కలిసి పంచిపెట్టాడు. ఓపెన్ సోర్స్ అన్న మాట పుట్టకముందే వీడియో కళలో ఆ పని జరిగిందన్నమాట.

ఇక్కడ నా సలహా కొందరికి నచ్చకపోవచ్చు. శబ్దాన్నీ బొమ్మనూ ఒక్కచోట మాత్రమే కలపండి. హైడ్రా మైకు వినగలదు, శబ్దాన్ని మంద్రం నుంచి తారం దాకా నాలుగు భాగాలుగా విడదీసి ఒక్కోదాని బలాన్ని అంకెగా ఇస్తుంది. ఆ నాలుగంకెలను నాలుగుచోట్ల తగిలించాలని అందరికీ చెయ్యి దురద పెడుతుంది. అలా చేస్తే ప్రతి దెబ్బకూ తెరంతా ఎగురుతుంది. ఒక నిమిషానికే కన్ను మొద్దుబారుతుంది. అట్టడుగు మంద్రాన్ని ఒక్కదాన్నే తీసుకుని ఒక్క లక్షణానికి కట్టండి, ఉదాహరణకు బొమ్మ పరిమాణానికి. మిగతాదంతా తన సొంత కాలంలో, శబ్దం కన్నా బాగా నెమ్మదిగా మారనివ్వండి. చెవికి తొందర ఉన్నప్పుడు కంటికి నిదానం కావాలి. ఇంకా కచ్చితంగా కలవాలంటే స్ట్రూడెల్‌లోని వరసనే నేరుగా హైడ్రా అంకె స్థానంలో ఇవ్వవచ్చు. అప్పుడు మైకు చప్పట్లను కూడా వినేస్తుందన్న బెంగ ఉండదు. చప్పట్లకు బొమ్మ కదలాలనే మీ కోరిక అయితే మైకే ఉంచండి, దానిలోనూ అందం ఉంది.

పాత ల్యాప్‌టాప్ తడబడుతుంటే హైడ్రాలో రిజల్యూషన్‌ను 640, 360కి తగ్గించండి. ప్రొజెక్టర్ మీద ఆ మెత్తదనం బాగానే ఉంటుంది. బొమ్మ ముదురు రంగుల్లో ఉంచితే పైన ఉన్న కోడ్ చదవడానికి వీలవుతుంది. అక్షరాల సైజు మీకు ఇబ్బందిగా అనిపించేంత పెద్దది పెట్టండి. ఒక్క విషయంలో మాత్రం రాజీ వద్దు. తెర మొత్తం సెకనుకు మూడుసార్లకన్నా ఎక్కువ మెరవకూడదు. వేగంగా మెరిసే వెలుగు మూర్ఛవ్యాధి ఉన్న కొందరికి ఫిట్స్ తెప్పిస్తుంది. హాల్లో అలాంటివాళ్ళు ఉన్నారో లేదో మీకు తెలిసే దారి లేదు.

మీ చుట్టూ ఉన్న చప్పుళ్ళు

తయారుగా దొరికే డ్రమ్ శబ్దాలతో ఒకటి రెండు వారాలు గడిచాక ఫోను తీసుకుని వీధిలోకి వెళ్ళండి. రోలు, ఆర్టీసీ బస్సు తలుపు, మగ్గం, చేపల వేలంలో అరుపు, ఇస్త్రీ బండి మీద బొగ్గుల పెట్టె దించిన చప్పుడు. ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటర్లో తెరిచి, మొదట్లో ఉన్న నిశ్శబ్దాన్ని కోసేసి, అర సెకను ముక్కగా దాచుకోండి. మొదటి కోత సరిగ్గా ఉండాలి. ముక్క మొదట్లో కాస్త ఖాళీ ఉన్నా దరువు వెనకబడినట్టు వినిపిస్తుంది. మనుషుల గొంతు రికార్డు చేసేముందు వాళ్ళను అడగండి. సినిమా పాట ముక్కలు వద్దు. హక్కుల చిక్కు ఒకటి, పాట గుర్తురాగానే శ్రోత మీ ప్రదర్శన వదిలేసి సినిమాలోకి వెళ్ళిపోతాడన్నది ఇంకొకటి. ఇతరుల శబ్దాలు కావాలంటే ఫ్రీసౌండ్ ఉంది. బార్సిలోనాలోని పాంపెయు ఫాబ్రా విశ్వవిద్యాలయం 2005 నుంచి నడుపుతున్న భండారం అది. ప్రతి శబ్దం పక్కనా క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఏ రకమో రాసి ఉంటుంది. చదివి, పేరు చెప్పమన్నచోట పేరు చెప్పండి.

ఆ రోజు

మొదటి ప్రదర్శనకు పెద్ద వేదిక వెతకవద్దు. కాలేజీలో ఖాళీ క్లాస్‌రూం, ఊరి గ్రంథాలయం, స్నేహితుడి డాబా చాలు. నలుగురు చాలు, కానీ ఆ నలుగురూ ఎదురుగా ఉండాలి. రికార్డు చేసి పంపడం దీనికి బదులు కాదు.

హాలు ఇంటర్నెట్‌ను నమ్ముకోకండి. స్ట్రూడెల్ శబ్దాల్లో చాలావరకు నెట్ నుంచి దిగుతాయి. బయల్దేరే ముందు పేజీ తెరిచి వాడబోయే ప్రతి శబ్దాన్నీ ఒకసారి మోగించండి, ఆ ట్యాబ్ మూయకండి. అప్పటికీ ఏదైనా అయితే సైన్, సాటూత్ లాంటి సింథ్ శబ్దాలు బ్రౌజర్లోనే పుడతాయి కాబట్టి వాటితోనే పది నిమిషాలు గడిపే సాధన ఒకసారి చేసి ఉంచుకోండి. స్పీకర్లలో గుయ్యిమని హమ్ వస్తే ల్యాప్‌టాప్ చార్జర్ తీసి చూడండి. ఆగిపోతే అది ఎర్తింగ్ గొడవ. బ్యాటరీ మీద నడపండి, లేదా సౌండ్ సిస్టమ్ వాళ్ళనడిగి డీఐ బాక్స్ మధ్యలో పెట్టించండి. అందుకే బ్యాటరీ నిండుగా ఉన్న ల్యాప్‌టాప్‌తో వెళ్ళాలి. కరెంటు పోయినా స్పీకర్లూ ప్రొజెక్టరూ ఆగకుండా యూపీఎస్ ఉందేమో ముందే కనుక్కోండి. నోటిఫికేషన్లన్నీ ఆపేయండి, మీ తెర ఇప్పుడు అందరి తెర.

ముగింపు ముందే నిర్ణయించుకోండి. మొదలు ఎలా ఉన్నా సర్దుకోవచ్చు, ముగింపు తెలియక తచ్చాడితే మొత్తం పలచబడుతుంది. ఎనిమిదో నిమిషం నుంచి ఒక్కో వరస తీసేస్తూ రండి. చివరికి ఒక్క శబ్దం, ఒక్క రంగు మిగలనివ్వండి. అప్పుడు కంట్రోల్, చుక్క.

ఆ తర్వాత

ఇలాంటి ప్రదర్శనలు రెండు మూడు అయ్యాక మీకు ఏం కావాలో మీకే తెలుస్తుంది, అప్పుడు ఇన్‌స్టలేషన్లకు అర్థం ఉంటుంది. శబ్దాన్ని మొదటి నుంచీ స్వయంగా మలచాలనిపిస్తే సూపర్‌కొలైడర్‌కు వెళ్ళండి. జేమ్స్ మెకార్ట్‌నీ 1996లో విడుదల చేసి, 2002లో జీపీఎల్ కింద తెరిచిపెట్టిన ఆ భాషే టైడల్‌సైకిల్స్‌కు అడుగున ఉన్నది. హైడ్రాలో లేని మార్పు కావాలనిపిస్తే షేడర్లు, అంటే బొమ్మలోని ప్రతి చుక్క రంగును లెక్కకట్టే చిన్న ప్రోగ్రాములు, నేర్చుకోండి. మీరు రాసిన షేడర్ ముక్కను హైడ్రాకు కొత్త ఆదేశంగా చేర్చవచ్చు.

పక్కన మృదంగమో డప్పో వాయించే స్నేహితుడుంటే అతణ్ణి మైకు ద్వారా ప్యూర్ డేటాలోకి తెచ్చుకోండి. వాయించినదానికీ వినిపించేదానికీ మధ్య ఆలస్యం సమస్య అప్పుడే ఎదురవుతుంది. సెకనుకు 48,000 నమూనాల మీద బఫర్ 1024 ఉంటే ఒక్క బఫర్‌కే 21 మిల్లీసెకన్లు పోతాయి, వాయించేవాడి చేతికి అది తగులుతుంది. 256కు దించితే 5.3 మిల్లీసెకన్లు. లినక్స్ మీద జాక్ అనే ఆడియో సర్వర్ ఇందుకే ఉంది. ఇంకో సంగతి: మనిషి కాలం కాస్త పరిగెడుతుంది, కాస్త ఆగుతుంది. చక్రం వేగాన్ని మీరే అతని వెంట నడపాలి. అతణ్ణి యంత్రం వెంట నడిపించకండి.

ప్రతి ప్రదర్శన కోడ్‌నూ దాచండి. స్ట్రూడెల్‌లో పేజీ పైన రెండు గీతలు గీసి కామెంట్‌గా శీర్షిక, మీ పేరు, లైసెన్సు రాసే పద్ధతి ఉంది, దాన్ని పాటించండి. ఎవరి కోడ్ నుంచి ఒక వరస తీసుకున్నారో ఆ పేరు కూడా అక్కడే రాయండి. కామెంట్లు తెలుగులో రాయండి, బ్రౌజర్ ఏమీ అనదు. ఏ వరస ఏం చేస్తుందో, ఏ అంకె మారిస్తే ఏమవుతుందో మీ చెల్లెలికి చెప్పినట్టు రాసి, లింకు నలుగురికీ పంపండి. తెలుగులో ఈ విద్యకు పాఠ్యపుస్తకం కావాలి, అందులోకి వెళ్ళవలసిన పేజీల్లో ఇదొకటి.